కాలేజీ ల్యాబ్‌లో పాత ఫ్లాష్, జావా పాఠాలు తెరుచుకోవడం లేదు, పాత బ్రౌజర్ వేయాలా?

మాస్టారూ, మీ ప్రశ్నలోని సంగతులు ముందు ఒకచోట పెడతాను, తర్వాత చదివేవాళ్లకి అర్థమవుతుంది. గుంటూరులో డిగ్రీ కాలేజీ ల్యాబ్, 30 సిస్టమ్‌లు, సగం విండోస్ 10, సగం 11. కాలేజీ సర్వర్‌లో 2008 ప్రాంతంలో చేయించుకున్న తెలుగు పాఠాల సైటు, దాంట్లోనే క్విజ్‌లు. బీరువాలో ఫిజిక్స్, బోటనీ సీడీలు. ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో అన్నీ ఆడేవి. ఇప్పుడు కొన్నిచోట్ల బూడిదరంగు డబ్బా, కొన్నిచోట్ల ప్లగిన్ (బ్రౌజర్‌కి తగిలించే అదనపు ప్రోగ్రామ్) సపోర్ట్ లేదన్న మెసేజ్, కొన్ని పేజీల్లో తెలుగు బదులు పిచ్చి గుర్తులు, క్విజ్ రాసినా కొందరికే మార్కులు ఎక్కుతున్నాయి. బ్రాడీపేట షాపతను అన్నిట్లో ఫైర్‌ఫాక్స్ 51 వేసి అప్‌డేట్ ఆపేద్దామన్నాడు, వేయించమంటారా అని అడిగారు.

వద్దండి. షాపతను ఆ నంబరు ఊరికే చెప్పలేదు. 2017 మార్చిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 52 నుంచి ఫ్లాష్ తప్ప మిగతా ప్లగిన్లన్నీ ఆగిపోయాయి, కాబట్టి 51 అనేది జావా, సిల్వర్‌లైట్, షాక్‌వేవ్ ఆడిన చివరి మామూలు వర్షన్. కానీ మీ పాఠాల్లో ఎక్కువ భాగం ఫ్లాష్. అక్కడ అడ్డు బ్రౌజర్ ఒక్కటే కాదు, ఫ్లాష్ ప్లేయర్ లోపలే ఉంది. 2020లో వచ్చిన చివరి వర్షన్లలో అడోబీ ఒక తేదీ పెట్టి పంపింది. 2021 జనవరి 12 నుంచి ఏ బ్రౌజర్‌లో ఉన్నా ఆ ప్లేయర్ పాఠాన్ని ఆడించదు. సిస్టమ్ గడియారాన్ని 2020కి తిప్పితే ఆడుతుందని కొందరు చేస్తారు. ఆడుతుంది కూడా, కానీ అప్పుడు సెక్యూర్ సైట్ల సర్టిఫికెట్లు ఇంకా మొదలు కాలేదని బ్రౌజర్ మొరాయిస్తుంది, అటెండెన్స్, ఫైళ్ల తేదీలు అన్నీ కలగాపులగం. ఆ తేదీ లేని ఇంకా పాత ప్లేయర్ కోసం నెట్‌లో వెతికితే దొరికేవాటిలో సగం వైరస్‌లు. పైగా ఏళ్ల తరబడి మరమ్మతు లేని బ్రౌజర్‌ను 30 సిస్టమ్‌లలో పెట్టి పిల్లల చేతికిస్తే వాళ్లు దాంతో మీ పాఠాలే చూడరు కదా.

నేను చెప్పేది ఒక్కటే. పోయిన ప్లగిన్‌ను ప్రతి సిస్టమ్‌లోకీ వెనక్కి తేవాలని చూడకండి. ప్లగిన్ పనిని సర్వర్ మీదకో, విడి ప్రోగ్రామ్ మీదకో మార్చండి. ఏ పాఠానికి ఏది నప్పుతుందో తేల్చడానికి ముందు అది ఏ ప్లగిన్‌దో తెలియాలి.

ఫోల్డర్ తెరిచి ఫైళ్ల తోక పేర్లు చూడండి. ఎస్‌డబ్ల్యూఎఫ్ అయితే ఫ్లాష్. డీసీఆర్, డీఎక్స్‌ఆర్ అయితే షాక్‌వేవ్, అంటే డైరెక్టర్ అన్న పాత మల్టీమీడియా సాఫ్ట్‌వేర్‌లో చేసినది. జార్, క్లాస్ అయితే జావా. ఎక్స్‌ఏపీ అయితే సిల్వర్‌లైట్. ఓసీఎక్స్, క్యాబ్ కనిపిస్తే యాక్టివ్‌ఎక్స్. ఫైళ్లు చేతికందకపోతే పేజీ మీద రైట్ క్లిక్ చేసి వ్యూ పేజ్ సోర్స్‌లో ఆబ్జెక్ట్ ట్యాగ్ వెతకండి. అందులో క్లాస్ఐడీ నంబరు డి27సిడిబి6ఇ తో మొదలైతే ఫ్లాష్, 166బి1బిసిఎ తో మొదలైతే షాక్‌వేవ్, 8ఎడి9సి840 తో మొదలైతే జావా. ఒక తికమక: పాత మెసేజ్‌లలో 'షాక్‌వేవ్ ఫ్లాష్' అని ఉంటే అది ఫ్లాషే. ఆ పేరు చూసి షాక్‌వేవ్ ప్లేయర్ కోసం తిరిగి రోజు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

సర్వర్‌లోని ఫ్లాష్ పాఠాలకు రఫుల్ వాడండి. ఫ్లాష్‌ను అనుకరించే ఉచిత ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్ ఇది. వెబ్‌అసెంబ్లీ (బ్రౌజర్ లోపలే నడిచే కోడ్) రూపంలో పేజీతోపాటే దిగుతుంది, సిస్టమ్‌లలో ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. డౌన్‌లోడ్ పేజీలో సెల్ఫ్ హోస్టెడ్ అన్న జిప్ తీసుకుని సర్వర్ రూట్‌లో ఒక ఫోల్డర్‌గా విప్పండి. పాఠం ఉన్న ప్రతి పేజీ హెడ్ భాగంలో, మిగతా స్క్రిప్టులన్నిటికంటే ముందు, రఫుల్ జావాస్క్రిప్ట్ ఫైల్‌ను పిలిచే ఒక్క లైను చేర్చండి. ముందు అన్నది ముఖ్యం. మీ పాత పేజీలు తెరుచుకోగానే ఫ్లాష్ ఉందా లేదా అని బ్రౌజర్‌ను అడుగుతాయి. రఫుల్ అప్పటికే వచ్చి ఉంటే ఉందని తనే జవాబు చెబుతుంది. వెనక వస్తే పేజీ ఈలోపే లేదని నిర్ణయించేసుకుని, ఫ్లాష్ ప్లేయర్ డౌన్‌లోడ్ చేసుకోండి అన్న పాత బొమ్మ చూపిస్తుంది. రఫుల్ పెట్టినా పనిచేయలేదు అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం.

పేజీ ఫ్రేమ్‌లతో చేసిందైతే (2008 నాటివి ఎక్కువగా అంతే) బయటి పేజీలో లైను పెడితే లాభం లేదు, లోపలి ఫ్రేమ్ పేజీలో పెట్టాలి. వందల పేజీలుంటే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఫైండ్ ఇన్ ఫైల్స్‌తో ఒకేసారి మార్చవచ్చు. మ్యాచ్ కేస్ తీసేయండి, పాత పేజీల్లో హెడ్ అన్నది కొన్నిచోట్ల పెద్ద అక్షరాల్లో, కొన్నిచోట్ల చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొత్తం ఫోల్డర్ కాపీ తీయకుండా మాత్రం ఈ పనికి పూనుకోవద్దు, ఎందుకో తెలుగు అక్షరాల దగ్గర చెబుతాను. సర్వర్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ అన్న వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఉంటే ఇంకా తేలిక. దాని సబ్ ఫిల్టర్‌తో పేజీ బయటికి వెళ్లేటప్పుడే ఆ లైను చేర్చవచ్చు, అసలు ఫైళ్లు ముట్టుకోనక్కర్లేదు. నేనైతే ఇదే చేస్తాను.

ఇంత చేసినా బొమ్మ రాకపోతే ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీ రీలోడ్ చేయండి. అక్కడ ఎర్రగా 404 (ఫైలు దొరకలేదు) కనిపిస్తే పేర్లలో తేడా ఉన్నట్టు. విండోస్‌కి పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే. లినక్స్ సర్వర్‌కి కాదు. లెసన్ 3 ఫైలు డిస్క్ మీద పెద్ద ఎల్‌తో ఉండి, మెనూ దాన్ని చిన్న ఎల్‌తో పిలిస్తే విండోస్‌లో ఏళ్ల తరబడి ఆడుతుంది, లినక్స్‌కి మార్చిన రోజున ఆగిపోతుంది. ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాల్లోకి మారిస్తే సరిపోతుందనుకోకండి. ఎస్‌డబ్ల్యూఎఫ్ లోపలి నుంచి ఇంకో ఎస్‌డబ్ల్యూఎఫ్‌ను పిలిచే పేరు మారదు కదా. 404 వచ్చిన లైనులో ఏ పేరు అడిగిందో చూసి ఫైలుకి సరిగ్గా ఆ పేరే పెట్టాలి. వెబ్‌అసెంబ్లీ ఫైలు దగ్గరే ఎర్రర్ వస్తే సర్వర్ దాన్ని సరైన మైమ్ టైపుతో (అది ఏ రకం ఫైలో బ్రౌజర్‌కి చెప్పే గుర్తు) పంపడం లేదని అర్థం, డబ్ల్యూఏఎస్‌ఎం తోకకు అప్లికేషన్/వాజ్మ్ అని కాన్ఫిగరేషన్‌లో చేర్చండి.

పేజీని సర్వర్ నుంచి కాకుండా పెన్ డ్రైవ్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే రఫుల్ ఆడదు. లోకల్ ఫైలు నుంచి ఇంకో ఫైలు చదవడానికి బ్రౌజర్లు ఒప్పుకోవు. అందుకే సీడీ పాఠాలను కూడా సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి అక్కడి నుంచే తెరవండి. శబ్దం రాకపోయినా కంగారు వద్దు, 2018 నుంచి క్రోమ్ యూజర్ ఒకసారి క్లిక్ చేసేదాకా శబ్దం రానివ్వదు. పాఠం మీద ఒక క్లిక్ ఇవ్వమని పిల్లలకి చెప్పండి.

రఫుల్ అన్నీ ఆడిస్తుందా అంటే, యాక్షన్‌స్క్రిప్ట్ (ఫ్లాష్ పాఠాలు రాసే భాష) 1, 2తో చేసినవి దాదాపుగా ఆడిస్తుంది. 2006లో ఫ్లాష్ ప్లేయర్ 9తో వచ్చిన యాక్షన్‌స్క్రిప్ట్ 3 పాఠాల్లో కొన్ని బాగా ఆడతాయి, కొన్ని మధ్యలో ఆగుతాయి. ఏది ఏదో తెలుసుకోవడానికి జేపెక్స్ ఫ్రీ ఫ్లాష్ డీకంపైలర్‌లో ఫైలు తెరవండి, హెడర్‌లో వర్షన్, యాక్షన్‌స్క్రిప్ట్ రకం కనిపిస్తాయి. వర్షన్ 8 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే 3 ఉండే అవకాశమే లేదు, నిశ్చింతగా రఫుల్‌కి ఇచ్చేయండి. ఆడని ఒకటీ అరా పాఠాలకు ప్రొజెక్టర్ ఉంది. బ్రౌజర్ లేకుండా ఎస్‌డబ్ల్యూఎఫ్ తెరిచే అడోబీ వారి విడి ప్లేయర్ అది, దాంట్లో ఆ తేదీ తాళం లేదు. దీనికోసం కూడా తెలియని సైట్లకు వెళ్లకండి. పాఠాలు చేసినవాళ్ల దగ్గరో, మీ దగ్గరో ఫ్లాష్ సీఎస్6 లాంటిది ఉన్న సిస్టమ్ ఉంటే దాని ఇన్‌స్టలేషన్ ఫోల్డర్‌లో ప్లేయర్స్ అన్న ఫోల్డర్‌లోనే ఉంటుంది. ప్రొజెక్టర్‌లో మార్కులు సర్వర్‌కి వెళ్లవు, చూపించడానికి మాత్రమే.

ఇక మార్కుల సంగతి. మీ క్విజ్‌లు స్కార్మ్ 1.2 (పాఠం నుంచి మార్కుల్ని లెర్నింగ్ సైట్‌కి చేర్చే ప్రామాణిక పద్ధతి) పద్ధతివి అని రాశారు. క్విజ్ ఫ్లాష్‌లో ఉన్నా మార్కు మాత్రం ఫ్లాష్ పంపదు. పాఠం తన చుట్టూ ఉన్న పేజీలోని జావాస్క్రిప్ట్‌ని పిలుస్తుంది, ఆ జావాస్క్రిప్ట్ పై కిటికీలో ఏపీఐ అన్న ఆబ్జెక్ట్‌ను వెతికి దానికి ఇస్తుంది, అది సర్వర్‌కి పంపుతుంది. మూడు చేతులు మారాలి. మొదటి చెయ్యి తెగేది ఎంబెడ్ ట్యాగ్‌లో అలౌ స్క్రిప్ట్ యాక్సెస్ అన్నది నెవర్ అని ఉన్నప్పుడు. దాన్ని సేమ్ డొమైన్ అని మార్చండి. రెండోది తెగేది పాఠాన్ని నేరుగా లింక్‌తో తెరిచినప్పుడు, పై కిటికీ ఉండదు కాబట్టి ఏపీఐ దొరకదు. పాఠం ఎప్పుడూ లెర్నింగ్ సైట్‌లో లాగిన్ అయ్యాకే తెరవాలి, ఆ సైట్‌కి పాప్‌అప్‌లు అనుమతించాలి.

మూడోది చాలామందికి తట్టదు. పాత పాఠాలు మార్కుల్ని దాచుకుని, విద్యార్థి కిటికీ మూసే క్షణంలో ఒక్కసారిగా పంపుతాయి. 2020లో వచ్చిన క్రోమ్ 80 నుంచి పేజీ మూసుకుంటున్నప్పుడు జవాబు కోసం ఆగే రిక్వెస్టుల్ని బ్రౌజర్ పంపనివ్వడం లేదు. ఎడ్జ్ కూడా అదే ఇంజన్. అందువల్ల క్విజ్ పూర్తిగా రాసి, మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కిన పిల్లాడికి సున్నా, లోపలి ఎగ్జిట్ బటన్ నొక్కిన పిల్లకి మార్కులు. మీరు కొందరికే ఎక్కుతున్నాయి అన్నారు చూడండి, అది ఇదే అయి ఉండాలి. మీ సైట్ స్కార్మ్ ఫోల్డర్‌లో ఏపీఐ జావాస్క్రిప్ట్ ఫైలు తెరిచి, ఎల్‌ఎంఎస్ సెట్ వాల్యూ పిలిచిన ప్రతిసారీ వెంటనే ఎల్‌ఎంఎస్ కమిట్ కూడా పిలిచేలా ఒక లైను చేర్చండి. ప్రతి ప్రశ్నకీ మార్కు అప్పటికప్పుడే వెళుతుంది, కిటికీ ఎలా మూసినా ఫరవాలేదు.

తెలుగు పిచ్చి గుర్తులుగా రావడానికి ప్లగిన్‌కి సంబంధం లేదు, కానీ అదే రోజుల్లో మొదలైంది కాబట్టి కలిసిపోయింది. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో రెండు రకాల చెడిపోవడం ఉంది. మొదటి దాంట్లో నెత్తిన గుర్తులున్న యూరప్ భాషల అక్షరాలు, రూపాయి కానట్టి కరెన్సీ గుర్తులు. అంటే పేజీ యూనికోడ్‌కి (అన్ని సిస్టమ్‌లలో ఒకేలా కనిపించే ఇప్పటి అక్షరాల పద్ధతి) ముందుది, విజయవాడ డీటీపీ వాళ్లంతా వాడే అను ఫాంట్ల లాంటి పాత ఫాంట్‌తో టైపు చేసింది, ఆ ఫాంట్ ఈ సిస్టమ్‌లో లేదు. అప్పట్లో ఈఓటీ అన్న డైనమిక్ ఫాంట్ పేజీతోపాటే దిగేది, అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఒక్కదానికే తెలుసు. ఆ ఫాంట్ టీటీఎఫ్ ఫైలు మీ దగ్గర ఉంటే సిస్టమ్‌లలో ఇన్‌స్టాల్ చేయండి, అక్షరాలు తిరిగొస్తాయి.

రెండో రకం నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం. ఇది ఫాంట్ లోపం కాదు. సర్వర్ ఈ పేజీ యూటీఎఫ్-8 (యూనికోడ్) అని చెప్పి పంపుతోంది, పేజీ అది కాదు. సర్వర్ ప్రోగ్రామ్ అపాచీ అయితే కాన్ఫిగరేషన్‌లో యాడ్ డిఫాల్ట్ చార్‌సెట్ లైను ఆ ఫోల్డర్‌కి ఆఫ్ చేసి, పేజీల్లో చార్‌సెట్ విండోస్-1252 అని పెట్టండి. కొన్ని పేజీల్లో చార్‌సెట్ ఎక్స్-యూజర్-డిఫైన్డ్ అని ఉంటుంది, దాన్ని కూడా 1252 చేసి చూడండి. పేజీల్ని ఎట్టి పరిస్థితుల్లోనూ యూటీఎఫ్-8 లోకి మార్చి సేవ్ చేయకండి. పాత ఫాంట్‌లో ప్రతి తెలుగు ముక్కా ఒక బైటు. ఎడిటర్ ఎన్‌కోడింగ్‌ని తప్పుగా ఊహించి సేవ్ చేస్తే ఆ బైటు పోతుంది, మళ్లీ రాదు. కాపీ తీయకుండా మొదలుపెట్టొద్దని పైన చెప్పింది ఇందుకే. ఫైర్‌ఫాక్స్‌లో ఇలాంటి పేజీల్ని అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అన్న ఎక్స్‌టెన్షన్ ఉండేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఆపేయడంతో ఆ దారీ మూసుకుపోయింది.

ఫ్లాష్ పాఠం లోపలి తెలుగుది వేరే లెక్క. ఫాంట్‌ను ఫైల్లోనే పొదిగినా, అక్షరాల్ని బొమ్మలుగా మార్చేసినా రఫుల్‌లో చక్కగా వస్తుంది. సిస్టమ్ ఫాంట్ మీద ఆధారపడితే చెడుతుంది, అలాంటివి ప్రొజెక్టర్‌లో చూడాల్సిందే.

జావా ప్రయోగాలకు ముందు ఒకటి చూడండి. అవి ఫెట్ వారి సిమ్యులేషన్ల పాత కాపీలైతే వాటిని బాగుచేసే శ్రమే వద్దు. కొలరాడో యూనివర్సిటీ వాళ్లు చాలావాటిని హెచ్‌టీఎంఎల్5లో మళ్లీ రాశారు, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, ఫోన్‌లో కూడా ఆడతాయి. సొంతంగా చేయించినవైతే ఓపెన్‌జేడీకే 8 వేసి దాని బిన్ ఫోల్డర్‌లో ఉండే యాప్లెట్‌వ్యూయర్‌తో పేజీని తెరవండి (యాప్లెట్ అంటే పేజీలో ఆడే చిన్న జావా ప్రోగ్రామ్). బ్రౌజర్ ప్రమేయం లేదు, లైసెన్స్ గొడవ లేదు. వర్షన్ 8 అని ఎందుకంటున్నానంటే 2018లో వచ్చిన 11 నుంచి యాప్లెట్‌వ్యూయర్‌నీ, బ్రౌజర్ ప్లగిన్‌నీ తీసేశారు. సర్వర్‌తో మాట్లాడాల్సిన యాప్లెట్ అయితే ఎడ్జ్‌లో ఐఈ మోడ్ (పేజీని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా తెరిచే పద్ధతి), దానికి తోడు ఒరాకిల్ జావా 8, 32 బిట్‌ది. జావా కంట్రోల్ ప్యానెల్‌లో సెక్యూరిటీ ట్యాబ్, ఎడిట్ సైట్ లిస్ట్‌లో మీ సర్వర్ చిరునామా పోర్ట్ నంబరుతో సహా చేర్చాలి, లేకపోతే పాత సంతకాల యాప్లెట్‌ను జావాయే అడ్డుకుంటుంది. 2019 ఏప్రిల్ తర్వాతి ఒరాకిల్ జావా 8 అప్‌డేట్లు సొంత వాడకానికే ఉచితం, సంస్థలకు కాదు. కాలేజీ కాబట్టి ఈ సంగతి ప్రిన్సిపాల్ గారికి చెప్పి చేయండి.

ఐఈ మోడ్ ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ దగ్గర ఉంటుంది. సైట్లను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్‌లో రీలోడ్ చేయనివ్వు అన్నదాన్ని అలౌ చేసి, కింద పేజీ చిరునామా చేర్చాలి. ఇలా చేర్చింది 30 రోజులకి దానంతటదే పోతుంది, నెలకోసారి మళ్లీ పాడైంది అని మీకు ఫోన్లు వస్తాయి. దాన్ని తప్పించాలంటే ఎంటర్‌ప్రైజ్ మోడ్ సైట్ లిస్ట్ మేనేజర్‌తో ఒక జాబితా ఫైలు చేసి గ్రూప్ పాలసీలో (విండోస్ సెట్టింగుల్ని నిర్వాహకులు నిర్దేశించే చోటు) ఇవ్వాలి. లాగిన్ పేజీ మామూలు ఎడ్జ్‌లోనూ, పాఠం ఐఈ మోడ్‌లోనూ తెరుచుకుంటే లాగిన్ పోయినట్టు కనిపిస్తుంది, రెండిటి కుకీలు వేరు. ఆ జాబితాలో లాగిన్ చిరునామాను న్యూట్రల్ అని గుర్తించండి. చాలామంది ఐఈ మోడ్ పెడితే ఫ్లాష్ కూడా వస్తుందనుకుంటారు. రాదు. విండోస్ అప్‌డేటే ఫ్లాష్‌ను తీసేసింది.

మిగిలింది సీడీలు. సీడీలో స్టార్ట్ లాంటి ఈఎక్స్ఈ ఉంటే ముందు దాన్నే నడపండి, డైరెక్టర్‌లో చేసిన చాలా సీడీలకి ప్లగిన్ అక్కర్లేదు. రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటబిలిటీలో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3, తగ్గించిన రంగులు పెట్టి చూడండి. ఈ యాప్ మీ పీసీలో నడవదు అని వస్తే అది బహుశా 16 బిట్ ప్రోగ్రామ్, 64 బిట్ విండోస్‌లో మామూలుగా నడవదు. దానికీ, డీసీఆర్ ఫైళ్లకీ (షాక్‌వేవ్ ప్లేయర్‌ను అడోబీ 2019 ఏప్రిల్‌లో ఆపేసింది) కలిపి ఒకే ఒక్క సిస్టమ్‌లో వర్చువల్‌బాక్స్ (సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్‌ను నడిపే ప్రోగ్రామ్) వేసి, లైసెన్స్ ఉన్న 32 బిట్ విండోస్ 7 పెట్టండి. 2 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్ చాలు. నెట్‌వర్క్ అడాప్టర్ నాట్ అటాచ్డ్ అని ఉండాలి, అన్నీ ఎక్కించాక ఒక స్నాప్‌షాట్ (అప్పటి స్థితిని దాచే కాపీ) తీయాలి. క్లాసు గదిలో తెర మీద చూపే ప్రొజెక్టర్‌కి కలిపి క్లాసు మొత్తానికి చూపించడానికి ఆ ఒక్కటి సరిపోతుంది.

సీడీలని ఈ వేసవి సెలవుల్లోనే ఐఎస్‌ఓ ఫైళ్లుగా (సీడీ మొత్తం ఒక్క ఫైలుగా) తీసిపెట్టుకోండి, ఇమ్‌జ్‌బర్న్ చాలు. మన ఎండల్లో ఇనుప బీరువాలో మగ్గిన సీడీలు అవి, ఎంతకాలం చదవబడతాయో చెప్పలేం. మధ్యలో రీడ్ ఎర్రర్ వస్తే మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకి నిలువుగా తుడవండి, గుండ్రంగా కాదు. వేగం తగ్గించి, కుదిరితే వేరే డ్రైవ్‌లో పెట్టి మళ్లీ తీయండి. విండోస్ 10, 11లో ఐఎస్‌ఓ మీద డబుల్ క్లిక్ చేస్తే సీడీ పెట్టినట్టే తెరుచుకుంటుంది.

మొదట సర్వర్‌లోని ఒక్క పాఠానికి రఫుల్ పెట్టి, ఒక్క క్విజ్‌కి కమిట్ లైను చేర్చి, రెండు సిస్టమ్‌లలో పరీక్షించండి. ఎఫ్12 నొక్కితే వచ్చే కన్సోల్ ట్యాబ్‌లో ఎర్ర లైను ఏదైనా వస్తే ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి ఇక్కడ పెట్టండి, ఫోన్‌తో తీసిన ఫొటో వద్దు.